పద్యాల ఫైల్‌లో గురులఘువులకి రంగులు: వీఎస్ కోడ్‌లో గ్రామర్ చాలా, స్క్రిప్ట్ రాయాలా?

పాతపుస్తకం
మా తాతగారు రాసిన శతకం రాతప్రతిగా ఇంట్లో ఉంది, దాన్ని వీఎస్ కోడ్‌లో టైప్ చేస్తున్నా. వర్డ్‌లో ఎందుకు చెయ్యట్లేదని అడక్కండి, గిట్‌లో ఉంటే ఏ పద్యంలో ఏ అక్షరం ఎప్పుడు మారిందో తెలుస్తుంది, అందుకే మామూలు టెక్స్ట్ ఫైల్. ఒక దీర్ఘం పోయినా ఒక ఒత్తు పోయినా గణం (గురులఘువుల వరస) తప్పిపోతుంది కదా, గురువు (పలకడానికి రెండు మాత్రల కాలం పట్టే అక్షరం) ఒక రంగులో లఘువు (ఒక మాత్రది) ఒక రంగులో కనిపిస్తే టైపింగ్ తప్పులు అక్కడికక్కడే కంటికి తగులుతాయని చిన్న ఎక్స్‌టెన్షన్ మొదలుపెట్టా. టెక్స్ట్‌మేట్ గ్రామర్ జేసన్ ఫైల్ (ఏ నమూనాకి ఏ రంగో చెప్పే నియమాలు) రాస్తే పద్యం ముందుండే ఉ. చం. శా. మ. కం. (ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం, కందం) గుర్తులకీ, హ్యాష్‌తో మొదలయ్యే నా నోట్సు లైన్లకీ రంగులు చక్కగా వచ్చాయి. గురులఘువుల దగ్గరకొచ్చేసరికే గోల. "రాముఁడు"లో ర ఒక రంగు, దాని దీర్ఘం ఇంకో రంగు. "అమ్మ"లో తర్వాత ఒత్తక్షరం ఉంది కాబట్టి అ గురువు కదా, దానికి లఘువు రంగు వేస్తోంది. గురువుకి ఇటాలిక్ పెట్టి చూశా, అప్పుడైతే గుణింతం అక్షరం నుంచి ఊడిపోయి చుక్కల సున్నా మీద కూర్చుంటోంది. ఇది గ్రామర్‌తో అయ్యే పనేనా? తాతగారి రాత చదవగలిగే మనిషి ఇంట్లో మా అమ్మ ఒక్కతే, ఆవిడ ఓపిక ఉండగానే పూర్తి చెయ్యాలని నా ఆరాటం.

టెర్మినల్_తాత
విమ్‌లో చేసుకో తల్లీ, అదీ ఒక ఎడిటరే, ఈ జేసన్ గొడవే ఉండదు.

రెజెక్స్_బాబాయ్
వచ్చేశాడండీ విమ్ తాత. ఎవరు ఏది అడిగినా ఒకటే మందు.
పాతపుస్తకం గారూ, అక్షరాలని పట్టే నమూనా, అంటే మీ రెజెక్స్‌లో అక్షరానికి ఏం రాశారు? బ్యాక్‌స్లాష్ పీ, బ్రేసుల్లో ఎల్ అని ఉందా? అయితే సమస్య అక్కడే. అది యూనికోడ్‌లో "అక్షరం" కేటగిరీని మాత్రమే పట్టుకుంటుంది. మన గుణింతాలు, పొల్లు, సున్న, విసర్గ అన్నీ "మార్క్" అనే వేరే కేటగిరీ. అందుకే ర దగ్గర మ్యాచ్ ఆగిపోయి దీర్ఘం బయటపడుతోంది. ఎల్‌తో పాటు ఎమ్ కూడా కలపాలి.

పాతపుస్తకం
అవును, ఎల్ ఒక్కటే పెట్టా. ఎమ్ కలిపితే రా మొత్తం ఒకే రంగు వచ్చింది, థాంక్స్ అండీ. కానీ ఇప్పుడు "రాముఁడు" మాటంతా ఒకే ముక్క అయిపోయింది. నాకు కావాల్సింది రా, ముఁ, డు అని మూడు.

రెజెక్స్_బాబాయ్
అవునవును, కేటగిరీలు మాట మొత్తాన్ని పట్టడానికే. ఛందస్సు లెక్కలో అక్షరం కావాలంటే తెలుగు బ్లాక్ తీసుకుని మీరే కట్టుకోవాలి. అచ్చులు 0సి05 నుంచి 0సి14, హల్లులు 0సి15 నుంచి 0సి39, గుణింతాలు 0సి3ఈ నుంచి 0సి4సి, పొల్లు 0సి4డి. అరసున్న, సున్న, విసర్గ వరసగా 0సి01, 02, 03. దీర్ఘ ౠ ఈ వరసలో కాకుండా 0సి60లో ఉంటుంది, మర్చిపోకండి.
ఇప్పుడు ఒక అక్షరం అంటే: "హల్లు, పొల్లు" జంట సున్నాసార్లు లేదా ఎన్నిసార్లైనా, తర్వాత ఒక హల్లు, ఉంటే గుణింతం, ఉంటే అరసున్నో సున్నో విసర్గో. లేదా ఒక అచ్చు, ఉంటే అరసున్నో సున్నో. చివర్లో ఇంకో హల్లు పొల్లుతో ఉండి దాని తర్వాత హల్లు రాకపోతే అది ముందు అక్షరానికే చెందుతుంది, "వచ్చెన్"లో న్ లాగ.
ఇంకోటి, పొల్లు విడిగా కనబడాలని మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడతాం చూడండి, అది ఎల్ కాదు, ఎమ్ కాదు, మూడో కేటగిరీ. దాన్ని విడిగా చేర్చకపోతే రెజెక్స్ అక్కడ తెగుతుంది.

ఎర్రమందారం
ఆ జాయినర్ ఉన్నచోటల్లా వీఎస్ కోడ్ పసుపుపచ్చ డబ్బా గీస్తుంది కదా, నాకు ఫైలంతా డబ్బాలే. కనబడని క్యారెక్టర్లని హెచ్చరించే సెట్టింగ్ అది, యూనికోడ్ హైలైట్ అని వెతికి అందులో ఇన్‌విజిబుల్ క్యారెక్టర్స్ ఆపెయ్యండి. ఈ భాష ఫైళ్లకి మాత్రమే ఆపండి, మిగతా కోడ్‌లో ఆ హెచ్చరిక ఉండాల్సిందే.

కోనసీమ_కోడి
ఇంత రెజెక్స్ ఎందుకండీ, జావాస్క్రిప్ట్‌లో ఇంటల్ సెగ్మెంటర్ ఉంది కదా, గ్రాఫీమ్ అని చెప్తే అక్షరాలు అదే విడగొట్టి ఇచ్చేస్తుంది.

రెజెక్స్_బాబాయ్
ఇస్తుంది, కానీ ఏ వెర్షన్ అన్నదాన్ని బట్టి వేరేవేరుగా ఇస్తుంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1కి ముందు నియమాల్లో "మ్మ" రెండు ముక్కలు, మ్ ఒకటి మ ఒకటి. 15.1లో తెలుగు, దేవనాగరి, మలయాళం లాంటి కొన్ని లిపుల సంయుక్తాక్షరాలు కలిసుండేలా రూల్ చేర్చారు. పైగా పొల్లుతో ఆగిన హల్లుని ముందు అక్షరంలో కలపడం దానికి తెలీదు, అది ఛందస్సు రూలు. సొంతంగా రాసుకున్నదే నయం.

ఓరుగల్లు_పోరడు
అక్కా, అసలు ముచ్చట ఎవ్వలు చెప్తలేరు. గ్రామర్ తోని ఇది పూర్తిగ గాదు. టెక్స్ట్‌మేట్ అన్నది మ్యాక్ మీద 2004ల వచ్చిన ఎడిటర్, దాని గ్రామర్ పద్ధతినే వీఎస్ కోడ్ పట్టుకున్నది. అది ఫైల్‌ను ఒక్కొక్క లైన్ లెక్క చదువుతది. లైన్ ఒడిసినంక, ఏ బిగిన్-ఎండ్ రూల్ లోపల ఉన్నమో ఆ సంగతి ఒక్కటే కింది లైన్‌కు పోతది, గంతే. లుక్‌అహెడ్ (ముందల ఏమొస్తదో చూసే రూల్) పెట్టినా ఆ లైన్ చివరిదాంక్కనే చూస్తది.
"అమ్మ" ఒకే లైన్‌ల ఉంటది గాబట్టి లుక్‌అహెడ్ తోని నడుస్తది. గని పద్యంల మాట పాదం చివర ఇరిగి కింది పాదంలకు పోతది గద. కింది పాదం సంయుక్తాక్షరం తోని మొదలైతే పై పాదం ఆఖరి అక్షరం గురువైతది. అది గ్రామర్‌కు కనవడది. స్క్రిప్ట్ రాయాల్సిందే, సెమాంటిక్ టోకెన్స్ ప్రొవైడర్ అంటరు, ఏ ముక్క ఏ రకమో ఎడిటర్‌కు చెప్పేది. డాక్యుమెంట్ మొత్తం నీ చేతికిస్తది, నువ్వు కింది లైన్ చూస్తవో మీది లైన్ చూస్తవో నీ ఇష్టం. పద్యం గుర్తులు, నోట్సు లైన్లు గ్రామర్‌లనే ఉంచు, అవి బాగనే నడుస్తున్నయి. దాని మీద ఈ టోకెన్లు పరుచుకుంటయి.

టెర్మినల్_తాత
విమ్ సింటాక్స్ మ్యాచ్‌లో కింది లైన్ కూడా చూడొచ్చు బాబూ, ప్యాటర్న్‌లో బ్యాక్‌స్లాష్ అండర్‌స్కోర్ ఎస్ అంటే ఖాళీతో పాటు లైన్ బ్రేక్ కూడా. అందుకే విమ్ అన్నా.

ఓరుగల్లు_పోరడు
నిజమే తాతా, విమ్‌ల అది ఉన్నది. గని టెర్మినల్‌ల తెలుగు ఒత్తులు సక్కగ కనవడ్తయా? నా దాంట్లైతే ఒత్తు ఒకదిక్కు అక్షరం ఒకదిక్కు.

టెర్మినల్_తాత
జీవిమ్‌లో కొంత నయం. సరే, ఆ పాయింట్ నీదే.

ఈమాక్స్_అత్త
ఈమాక్స్ ఫాంట్ లాక్‌లో రెజెక్స్ పెట్టే చోట ఫంక్షనే ఇచ్చెయ్యొచ్చు, ఎక్కడిదాకా వెతకాలో హద్దు దానికి అందుతుంది, లోపల ఏ లెక్కైనా చేసుకోవచ్చు. నేను కీర్తనల స్వరాలకి అలాగే చేసుకున్నా, ఏళ్ల తరబడి వాడుతున్నా. కానీ ఈ అమ్మాయి వీఎస్ కోడ్ అడిగింది, ఎడిటర్ మార్పించే పని మనకెందుకు.

పాతపుస్తకం
పోరడు గారూ, రాశా! అక్షరాలు విడుతున్నాయి, కన్సోల్‌లో టోకెన్లు సరిగ్గానే కనబడుతున్నాయి, స్క్రీన్ మీద మాత్రం ఒక్క రంగూ మారట్లేదు. టోకెన్ టైప్ పేర్లు "గురువు", "లఘువు" అని తెలుగులో పెట్టా. దాని వల్లా?

ఓరుగల్లు_పోరడు
రెండు సంగతులున్నయ్ అక్కా. ఒకటి, టోకెన్ టైప్ పేరు ఇంగ్లీష్ అక్షరాలల్లనే ఉండాలె, తెలుగు పేరు ప్యాకేజ్ జేసన్ ఒప్పుకోదు. వివరణ జాగల తెలుగు రాసుకో. రెండోది, ఇది మస్తుమందిని సతాయిస్తది: సెమాంటిక్ హైలైటింగ్ సెట్టింగ్ డీఫాల్ట్‌గ "థీమ్ చెప్పినట్టు" అని ఉంటది. నీ థీమ్ దాన్ని ఆన్ చెయ్యకపోతే నీ స్క్రిప్ట్ ఎంత మంచిగ రాసినా రంగు రాదు. సెట్టింగ్స్‌ల ట్రూ పెట్టు.
ఇగ "గురువు"కు ఏ రంగో ఏ థీమ్‌కూ తెల్వది గద, నువ్వు కొత్తగ పుట్టించిన టైప్ అది. సెమాంటిక్ టోకెన్ కలర్ కస్టమైజేషన్స్‌ల రూల్స్ కింద రంగు నువ్వే ఇయ్యాలె. లేకుంటే ప్యాకేజ్ జేసన్‌ల సెమాంటిక్ టోకెన్ స్కోప్స్ అని ఉంటది, దాంట్ల గురువును కీవర్డ్ స్కోప్‌కు, లఘువును స్ట్రింగ్ స్కోప్‌కు కలిపితే ఏ థీమ్ పెట్టినా ఏదో ఒక రంగు వస్తది. వేరేటోళ్లకు ఇచ్చేదైతే రెండోదే చెయ్యి.
నడుస్తుందో లేదో చూస్తందుకు కమాండ్ ప్యాలెట్‌ల ఇన్‌స్పెక్ట్ ఎడిటర్ టోకెన్స్ అండ్ స్కోప్స్ నొక్కి అక్షరం మీద కర్సర్ పెట్టు. ఏ టైప్, ఏ రూల్ నుంచి రంగు వచ్చింది, అంత చూపిస్తది.

పాతపుస్తకం
వచ్చాయి!! థీమ్ సెట్టింగే. పేజీ మొత్తం ఎరుపు నీలం, చూస్తుంటే కడుపు నిండిపోయింది. అమ్మని పిలిచి చూపించా.

డల్లాస్_డెవ్
నేను ఇలాంటిదే పైథాన్‌లో లాంగ్వేజ్ సర్వర్‌గా (ఎడిటర్‌కి పక్కనుంచి టోకెన్లు పంపే ప్రోగ్రామ్) చేశా, తర్వాత ఎవరైనా ఆ దారిలో వస్తే పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నా. టోకెన్ ప్రతిదీ ఐదు అంకెలు: ముందు టోకెన్ నుంచి ఎన్ని లైన్లు కిందికి, ఎన్ని స్థానాలు పక్కకి, పొడవు, టైప్, మాడిఫైయర్లు. ఆ పొడవు మనం లెక్కపెట్టే అక్షరాలు కాదు, బైట్లు కూడా కాదు, యూటీఎఫ్ 16 యూనిట్లు. "సత్యము" తీసుకోండి, ఛందస్సులో మూడు అక్షరాలు. స పొడవు 1, త్య అంటే త, పొల్లు, య కాబట్టి 3, ము అంటే మ, కొమ్ము కాబట్టి 2. మొత్తం ఆరు. యూటీఎఫ్ 8 బైట్లలో లెక్కేస్తే పద్దెనిమిది వస్తుంది, రంగు పక్క మాటల మీదకి పారిపోతుంది.
తెలుగు వరకు పైథాన్ లెన్ ఇచ్చే అంకె, యూటీఎఫ్ 16 అంకె ఒకటే. అదే లైన్‌లో ఎమోజీ ఒకటి పడిందా, పైథాన్‌కి ఒకటి, యూటీఎఫ్ 16కి రెండు, అక్కణ్ణుంచి లైన్ చివరి దాకా అన్నీ ఒక స్థానం జరుగుతాయి. లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ 3.17 నుంచి ఏ ఎన్‌కోడింగో ఎడిటర్, సర్వర్ మాట్లాడుకునే ఏర్పాటు ఉంది కానీ డీఫాల్ట్ మాత్రం 16నే.

కోనసీమ_కోడి
శతకంలో ఎమోజీ ఎవడు పెడతాడండీ బాబూ 😂

డల్లాస్_డెవ్
నోట్సు లైన్లో పెడతారు, ఇదిగో నువ్వు ఇప్పుడు పెట్టినట్టే.

ఛందస్సు_మాస్టారు
అమ్మా, ఆలస్యంగా చూశాను. మంచి పని చేస్తున్నావు. కానీ నీ స్క్రిప్టు తర్వాతి అక్షరం సంయుక్తమైతే చాలు ముందుదాన్ని గురువు చేసేస్తున్నట్టుంది. "అతఁడు ప్రేమతో" అన్నప్పుడు డు లఘువే. రెండూ వేరువేరు మాటలు, పైగా ముందుది తెలుగు మాట, ప్రే వచ్చినంత మాత్రాన డు గురువవదు. అదే "దేశప్రేమ" సమాసం కాబట్టి శ గురువు. ఈ తేడా నీ మిషను ఎలా పట్టుకుంటుంది?
రేఫ వత్తు తేలిగ్గా పలికే కొన్ని తెలుగు మాటల్లో ముందక్షరం లఘువుగానే ఉండొచ్చని లాక్షణికులు ఒప్పుకున్నారు. అరసున్న వల్ల గురుత్వం రాదు, అదీ చూసుకో.

పాతపుస్తకం
మాస్టారూ, అరసున్న చూసుకున్నా. మధ్యలో ఖాళీ ఉంటే గురువు చెయ్యకుండా ఇప్పుడే ఆపా. కానీ తాతగారి రాతలో సమాసాల మధ్య కూడా చాలాచోట్ల ఎడం ఉంది, "దేశ ప్రేమ" అని. నేను రాతప్రతిలో ఉన్నట్టే టైప్ చెయ్యాలి, ఎడం తీసెయ్యలేను.

రెజెక్స్_బాబాయ్
అయితే సమాసాల జాబితా పెట్టుకుని చూడడమే.

ఛందస్సు_మాస్టారు
సమాసాలకి జాబితా ఏమిటి నాయనా, కవి తలుచుకున్నప్పుడల్లా కొత్తది పుడుతుంది. అది అర్థాన్ని బట్టి తేలాలి.

ఈమాక్స్_అత్త
మాస్టారు చెప్పింది నిజం. అందుకే నా సలహా, మూడో రంగు పెట్టు. మధ్యలో ఖాళీ ఉండి, ముందు లఘువుండి, తర్వాతి మాట సంయుక్తాక్షరంతో మొదలైతే ఆ లఘువుకి "చూసుకో" అనే రంగు. తెలియనిదాన్ని తెలిసినట్టు ఎరుపో నీలమో వేసేస్తే నువ్వు దాన్ని నమ్మి ముందుకెళ్లిపోతావు. అక్కడే తప్పు మిగిలిపోతుంది.

ఎర్రమందారం
నేనొప్పుకోను. మూడు రంగులైతే కళ్లు చెదురుతాయి, రంగులేసేదే ఒక్క చూపులో తెలియడానికి కదా. అనుమానం ఉన్నచోట అసలు రంగే వెయ్యకండి, మామూలు నలుపు. లేనిదే బాగా కనబడుతుంది.

ఈమాక్స్_అత్త
నలుపైతే స్క్రిప్ట్ పట్టుకోలేకపోయిన అక్షరం అనుకుంటారు. టైపింగ్ తప్పు దొర్లితే అది కూడా నలుపే కదా, పొల్లు రెండుసార్లు పడినా నలుపే. రెండూ ఒకేలా కనబడకూడదు.

నీలికళ్లద్దాలు
ఎరుపు ఆకుపచ్చ కాకుండా ఎరుపు నీలం తీసుకున్నందుకు ముందు దండం, నాకు ఎరుపు ఆకుపచ్చ తేడా తెలీదు. అనుమానానికి రంగు బదులు కింద చుక్కల గీత పెట్టండి. సెమాంటిక్ టోకెన్లలో మామూలు అండర్‌లైన్, బోల్డ్, ఇటాలిక్ లాంటివే కుదురుతాయి. చుక్కల గీత, వెనక రంగు కావాలంటే డెకరేషన్స్ వాడాలి. క్రియేట్ టెక్స్ట్ ఎడిటర్ డెకరేషన్ టైప్ అని ఒకటి తయారుచేసుకుని, సెట్ డెకరేషన్స్‌కి రేంజులు ఇవ్వడం. ఆ టైప్ ఎక్స్‌టెన్షన్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారే తయారుచెయ్యండి. కీ నొక్కినప్పుడల్లా కొత్తది చేస్తే పాత గీతలు పోవు, ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి.
ఇటాలిక్, బోల్డ్ జోలికి మాత్రం వెళ్లకండి. టోకెన్ హద్దు అక్షరం మధ్యలో పడిందంటే, ఫాంట్ మారేచోట అక్షరాన్ని కలిపి గీయడం కుదరదు, మొదట్లో మీకు చుక్కల సున్నా వచ్చింది అందుకే.

పాతపుస్తకం
చుక్కల గీత బాగా నచ్చింది. కింద అక్షరం రంగు లఘువుదే ఉంటుంది, గీత ఉంటే ఆగి చూస్తా. ఎర్రమందారం గారూ, రంగులు రెండే, మీ మాట కూడా నిలబడింది.

ఎర్రమందారం
సరే అయితే. స్క్రీన్ మీద చూశాక చెప్పండి, గీతలు మరీ ఎక్కువైతే మళ్లీ గొడవకి వస్తా.

కోనసీమ_కోడి
గణం తప్పితే పాదం మొత్తం ఎర్రగా చేసెయ్యొచ్చు కదండీ? ఉత్పలమాల అయితే గణాలు భ ర న భ భ ర వ (ఒక్కో అక్షరం ఒక్కో గణం పేరు), ఇరవై అక్షరాలు. లెక్క సరిపోకపోతే లైనంతా ఎరుపు.

ఓరుగల్లు_పోరడు
వద్దు. అది రంగుతోని చెప్పే ముచ్చట గాదు, డయాగ్నొస్టిక్. తప్పిన గణం ఒక్కదాని కింద అలల గీత వెయ్యి, దాని మీద మౌస్ పెడితే "నాలుగో గణం భ రావాలె, స వచ్చింది" అని మెసేజ్. అన్ని తప్పులు కింద ప్రాబ్లమ్స్ ప్యానెల్‌ల వరుసగ కూడ వస్తయి, ఒక్కొక్కటి నొక్కి చూసుకోవచ్చు. మొత్తం లైన్ ఎర్రగైతే గురులఘువులు మల్ల ఎట్ల కనవడ్తయి?

ఛందస్సు_మాస్టారు
వృత్తాలకి ఇది బాగుంటుంది, ఏ స్థానంలో ఏ గణమో స్థిరం. చంపకమాల న జ భ జ జ జ ర, ఇరవైయొకటి. శార్దూలం మ స జ స త త గ, పంతొమ్మిది. మత్తేభం స భ ర న మ య వ, ఇరవై. పద్యం గుర్తు నీ గ్రామరు ఎలాగూ పట్టుకుంటోంది కాబట్టి దాన్నిబట్టి ఏ పట్టిక వాడాలో తేలుతుంది. యతిస్థానం (పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు) కూడా గుర్తు పెట్టించు: ఉత్పలానికి పదో అక్షరం, చంపకానికి పదకొండు, శార్దూలానికి పదమూడు, మత్తేభానికి పద్నాలుగు. యతి కుదిరిందా లేదా అన్నది మిషనుకి వదలకు తల్లీ, అక్షరం చూపిస్తే చాలు, మైత్రి మనం చూసుకుంటాం.
కందం మాత్రం వేరు. అక్కడ అక్షరాల సంఖ్య స్థిరం కాదు, నాలుగు మాత్రల గణాలు. బేసి గణంలో జగణం (లఘువు, గురువు, లఘువు) రాకూడదు, ఆరోది నలమో (నాలుగు లఘువులు) జగణమో కావాలి. దానికి వేరే ఫంక్షను రాసుకో.

టెర్మినల్_తాత
మాస్టారూ, ఆరో గణం ఎక్కణ్ణుంచి లెక్క? మొదటి పాదంలో మూడే గణాలు కదా.

ఛందస్సు_మాస్టారు
మొదటి రెండు పాదాలు కలిపి ఎనిమిది గణాలు, మూడు అయిదు. ఆ ఎనిమిదిలో ఆరోది. కింది రెండు పాదాలకీ అంతే.

రెజెక్స్_బాబాయ్
అంటే కందంలో గణాల లెక్క కూడా లైన్ దాటుతుంది. గ్రామర్‌ని వదిలి స్క్రిప్ట్‌కి వెళ్లడం మంచిదైంది.

పాతపుస్తకం
నిన్న రాత్రి వృత్తాల వరకు గణాల తనిఖీ పెట్టా. ప్రాబ్లమ్స్ ప్యానెల్‌లో వచ్చినవి ఒక్కొక్కటే రాతప్రతి పక్కన పెట్టి చూశాం. ఎక్కువ భాగం టైపింగ్‌లో పోయిన దీర్ఘాలు, ఒకటి రెండు చోట్ల మాత్రం రాతప్రతిలోనే ఒక అక్షరం తక్కువ ఉంది, అక్కడ కాగితం చిరిగింది. అవి నేను పూరించను, నోట్సు లైన్ రాసి వదిలేశా. దానికి స్క్రిప్ట్‌లో ఒక చిన్న గుర్తు పెట్టుకున్నా, నోట్సు లైన్‌లో "శిథిలం" అని ఉంటే కింది పాదానికి తనిఖీ ఆగుతుంది, రంగులు మాత్రం ఉంటాయి.

ఈమాక్స్_అత్త
మంచి పని చేశావు. పూరించకపోవడం ఇంకా మంచి పని.

నీలికళ్లద్దాలు
మా నాన్నగారి దగ్గర సీసపద్యాలు చాలా ఉన్నాయి, నాకూ కావాలి ఈ ఎక్స్‌టెన్షన్. మార్కెట్‌ప్లేస్‌లో పెడతారా?

పాతపుస్తకం
కందం పూర్తయ్యాక పెడతా. సీసానికి ఇంద్రగణాలు సూర్యగణాలు కావాలి, అది మాస్టారిని అడిగి చెయ్యాలి.

ఓరుగల్లు_పోరడు
అప్పటిదాంక ఆగేదెందుకు. వీఎస్‌సీఈ ప్యాకేజ్ కొడితే వీసిక్స్ ఫైల్ వస్తది, అది పంపు. ఎక్స్‌టెన్షన్స్ ప్యానెల్‌ల మూడు చుక్కలు నొక్కి ఇన్‌స్టాల్ ఫ్రమ్ వీసిక్స్ అంటే అయిపోతది. ముందు సెట్టింగ్స్‌ల సెమాంటిక్ హైలైటింగ్ ట్రూ ఉందో లేదో చూసుకోండ్రి, లేకుంటే రంగులొస్తలేవని మల్ల ఈడికే వస్తరు.

ఛందస్సు_మాస్టారు
సీసం సంగతి ఆదివారం రాస్తానమ్మా. ఇంద్రగణాలు ఆరు, నల నగ సల భ ర త. సూర్యగణాలు రెండు, న హ. పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. ఈ లోపు పట్టిక వరకు టైప్ చేసి పెట్టుకో.